టెర్రస్ మీద శని

మా ఇంటికి టెలిస్కోపు వచ్చింది నా కోసం కాదు. మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు, సైన్సు మీద ఇష్టం పెరుగుతుందని మా ఆయన కొన్నాడు. ఆరంగుళాల అద్దం, దాన్ని మోసే పొడవాటి తెల్ల గొట్టం, కింద గుండ్రంగా తిరిగే చెక్క పెట్టె. అమ్మాయి చందమామను రెండుసార్లు చూసింది, ఫోనులో ఒక ఫొటో తీసుకుంది, "బాగుందమ్మా" అంది. ఇక అంతే. ఆ తర్వాత అది పడకగది మూలన నిలబడి తడి తువ్వాళ్లు ఆరేసుకోవడానికి బాగా పనికొచ్చింది.

అమ్మాయి ఇంజనీరింగ్ చదువుకు వరంగల్ హాస్టల్లో చేరాక సాయంత్రాలు ఒక్కసారిగా పొడుగైపోయాయి. వంట తగ్గింది, అరుపులు తగ్గాయి. ఒకరోజు తువ్వాలు తీస్తూ, దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా అనుకున్నాను. ఇచ్చేముందు ఒకసారి నేనూ చూద్దామనిపించింది. మా ఆయన సాయం పడితే ఇద్దరం కలిసి మూడంతస్తుల మెట్లెక్కి టెర్రస్ మీదికి చేర్చాం. పీర్జాదిగూడ వైపు, కొత్త అపార్ట్‌మెంట్ల క్రేన్ల పైన, మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలుగుతున్న ఒక పసుపు చుక్క కనిపించింది. గొట్టం అటు తిప్పాను.

నాకు నవ్వొచ్చింది. ఆశ్చర్యం తర్వాత వచ్చింది, ముందు నవ్వే వచ్చింది. గోళీ అంత కూడా లేని బంగారు రంగు గుండు, దాని చుట్టూ వలయం. ఎవరో స్టిక్కర్ అంటించినట్టు, అచ్చం పుస్తకాల్లో వేసే బొమ్మలాగే ఉంది. గొట్టంలో ఏమైనా మోసముందేమోనని పక్కకు వంగి మామూలు కళ్లతో మళ్లీ చుక్కను చూశాను. మోసమేమీ లేదు. శనిగ్రహం అక్కడే ఉంది, ఉప్పల్లో మా నీళ్ల ట్యాంకు పక్కన.

నాచారంలో వాల్వులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను డ్రాయింగ్ సెక్షన్లో పనిచేస్తాను. చేరిన కొత్తలో బోర్డు మీద ట్రేసింగ్ పేపరు పరిచి, నిలబడి, పెన్సిల్‌తో గీసేవాళ్లం. కంప్యూటర్లు వచ్చాక పెన్సిళ్లు సొరుగులోకి పోయాయి. ఇప్పుడు రోజంతా మౌస్ కదిపితే చాలు. గీత తప్పితే ఒక మీట నొక్కితే పోతుంది. పని సుఖంగానే ఉంటుంది గానీ చేతికి ఏదో ఆకలిగా ఉండేది. ఆ రాత్రి కిందికి దిగగానే సొరుగులోంచి పెన్సిల్ తీశాను. చేతి గాజు పెట్టి కాగితం మీద ఒక వృత్తం గీసి, అందులో చూసింది చూసినట్టు వేశాను.

మా ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనది తెనాలి వైపు.

"ఇది శనిగ్రహమా, మీ ఫ్యాక్టరీ బాల్ వాల్వా?" అన్నాడు.

నిజంగా అలాగే ఉంది. ఉక్కు గుండు, దానికో వాషరు. కొలతలు కూడా రాయబోయానేమో, గుర్తులేదు. ఇన్నేళ్ల అలవాటు కదా, నా చేతికి పదునైన గీతలు తప్ప మరొకటి రాదు. ఆకాశంలో పదునైన గీతంటూ ఉండదని తెలియడానికి నాకు చాలా సాయంత్రాలు పట్టింది.

బొమ్మ వేయడం మొదలుపెట్టాక తెలిసింది, అంతకుముందు నేను చూడనేలేదని. కంటిని గొట్టానికి ఆనించి ఊరికే ఉండాలి. గాలి కదులుతుంటే గ్రహం నీళ్ల అడుగున నాణెంలా వణుకుతుంది. వణికి వణికి, ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో వలయం మధ్య వెంట్రుకంత నల్లని సందు కనిపిస్తుంది, మళ్లీ పోతుంది. అది పోకముందే మనసులో పట్టుకుని కాగితం మీద పెట్టాలి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టుకున్నాను, తెల్ల వెలుగు పడితే కళ్లు చీకటికి అలవాటు తప్పుతాయని. పెన్సిల్ పొడిని దూదితో అద్దడం నేర్చుకున్నాను. ఆ ఏడాది చివరికొచ్చేసరికి నా శని వాల్వులా కాకుండా శనిలా కనబడసాగాడు.

మరుసటి ఏడు వానలు తగ్గాక మళ్లీ గొట్టం పైకి మోసుకెళ్లాను. అప్పటికి మా అపార్ట్‌మెంట్లో టెర్రస్ బాధ్యత రెండో అంతస్తు పెద్దనాయనకు అప్పగించారు. ఆయన నాకు చుట్టమేమీ కాదు. సూర్యాపేట వైపు నుంచి వచ్చి, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. నేను ఆయన్ని పెద్దనాయన అని, వాళ్లావిడను పెద్దమ్మ అని పిలుస్తాను. మధ్యలో ఆయనకు చాలా కష్టాలు వచ్చిపడ్డాయి. మోకాలికి ఆపరేషన్ అయింది, స్కూటర్ ఎవరో ఎత్తుకుపోయారు, ఊళ్లో బోరు ఎండిపోయింది. ఏలినాటి శని నడుస్తోందని, ఉగాది దాకా ఒళ్లు దగ్గర పెట్టుకొమ్మని పంతులుగారు చెప్పారు. అది నాకు తర్వాత తెలిసింది.

నేను వెళ్లేసరికి ఆయన పైన తొట్లలోని బచ్చలి తీగకు నీళ్లు పెడుతున్నాడు.

"ఏంది బిడ్డా, గీజర్ పైకి మోస్తున్నవ్?"

"గీజర్ కాదు పెద్దనాయనా, టెలిస్కోపు. శనిని సూద్దామని."

"ఎవర్ని?"

"శనిని. మీరు గూడ సూడున్రి, మస్తుంటడు."

ఆయన చేతిలో పైపు అలాగే ఉండిపోయింది. తొట్టి నిండి, నీళ్లు పొంగి ఆయన చెప్పులు తడిసిపోతున్నాయి.

"ఆయన నా దిక్కు సూడొద్దని నేను ఏడేండ్ల సంది దండాలు పెడుతున్న. నువ్వేమో మన బిల్డింగ్ మీదికి పిలుస్తున్నవా?"

"పిలుస్తలేను పెద్దనాయనా. ఉన్నకాడ్నే సూస్తున్న."

"నువ్వు సూస్తే ఆయన సూడడా? గా గొట్టం రెండు దిక్కుల తెరుసుకొనే ఉంటది గద!"

మర్నాడు సాయంత్రం వెళ్తే టెర్రస్ తలుపుకు కొత్త తాళం ఉంది.

మా ఆయన మాట్లాడి చూస్తానని వెళ్లాడు. "బాబాయ్ గారూ, అదంతా సైన్సండీ, గ్రహానికీ మనకీ ఏంటండీ సంబంధం" అని మొదలుపెట్టాడట. మోకాలు, స్కూటర్, బోరు, ఒక్కోటి ఎలా జరిగిందో పెద్దనాయన మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. చివరికి మా ఆయనే దిగులు మొహంతో తిరిగొచ్చి, "మనది కూడా ఏ రాశో ఒకసారి చూపించుకుందామా?" అన్నాడు.

తాళం తీయించింది పెద్దమ్మ. వీధిలో కూరగాయల బండి దగ్గర ఇద్దరం టమాటాలు ఏరుతుంటే నెమ్మదిగా అడిగింది.

"గా గొట్టంల ఒక్క శనే కనబడ్తడా బిడ్డా, ఇంకెవరన్న గూడ కనబడ్తరా?"

"గురువు కనబడ్తడు పెద్దమ్మా. శుక్రుడు, అంగారకుడు, అందరు కనబడ్తరు."

"గురువు కనబడ్తడా? గదేదో ముందుగాల చెప్పొద్దా! మీ పెద్దనాయనకు గురుబలం కావాల్నని పంతులు మొత్తుకుంటుండు."

ఆ వారంలోనే ఒప్పందం కుదిరింది. గురువును ఎంతసేపైనా చూసుకోవచ్చు. శని పడమటి దిక్కున ఉన్నాడు కాబట్టి గొట్టం పడమర తిప్పకూడదు. అప్పటికి చలికాలం వచ్చింది. చీకటి పడేసరికి బృహస్పతి తూర్పున బాగా పైకొచ్చి ఉండేవాడు. నాకేం నష్టమనిపించి సరేనన్నాను.

పెద్దనాయన గురువారం నాడే వచ్చాడు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చెప్పులు మెట్ల దగ్గరే వదిలి వచ్చాడు. మోకాలు వంగదు కాబట్టి ఒక ఎత్తు స్టూలు వేశాను. ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూశాడు.

"గుండ్రంగ ఉన్నడు. నడుముకు రెండు పట్టీలు కట్టుకున్నడు. పక్కకు ఈ నాలుగు సుక్కలేంది?"

"ఆయన చందమామలు. మనకు ఒక్కడే గద, ఆయనకు శానమంది ఉన్నరు. వాళ్లల్ల పెద్దోళ్లు నలుగురు."

"చందమామలెందుకైతరు? గురువు పక్కకు ఉండేటోళ్లు శిష్యులే గద" అని తేల్చేశాడు.

మర్నాడు పిలవకుండానే వచ్చాడు. చూసి కంగారుపడ్డాడు.

"ముగ్గురే ఉన్నరు బిడ్డా. ఒకడు డుమ్మా కొట్టిండు!"

గురువు వెనక్కి వెళ్లి ఉంటాడని చెప్పాను. అప్పటి నుంచి రోజూ వచ్చి హాజరు తీసుకోవడం మొదలుపెట్టాడు. ఎవడు ఏ పక్కనున్నాడు, ఎవడు దగ్గరికొచ్చాడు, ఎవడు దూరం జరిగాడు అని. నాకు ఇంకో మేలు కూడా జరిగింది. భూమి తిరుగుతుంది కాబట్టి గ్రహం గొట్టంలో ఎక్కువసేపు నిలవదు, మెల్లగా అంచుకు జారిపోతుంది. బొమ్మ వేస్తూ వేస్తూ నేను పెన్సిల్ వదిలి గొట్టాన్ని నెట్టుకోవలసి వచ్చేది. నేను నెడితే ఎప్పుడూ ఎక్కువే కదిలేది. పెద్దనాయన రెండు వేళ్లు ఆనించి కదిపితే గురువు సరిగ్గా మధ్యలోకి వచ్చి కూర్చునేవాడు. "ఎంత నడిపినం బండ్లు" అనేవాడు. ఆయన తోలుతుంటే నేను గీసేదాన్ని.

ఒకరోజు మా ఉప్పల్ స్టేడియంలో రాత్రి క్రికెట్ మ్యాచ్ ఉంది. దీపాలన్నీ వేస్తే మా ఆకాశం మజ్జిగలా తయారవుతుంది. నక్షత్రాలు ఒక్కటీ మిగలవు. గురువుకు మాత్రం ఆ దీపాలొక లెక్క కాదు. పెద్దనాయన ముందు చూసి, గట్టిగా అరిచాడు.

"బిడ్డా, గురువు మీద నల్లగ ఏందో పడ్డది! సూడు సూడు!"

చూశాను. పై పట్టీ పక్కన, ముఖానికి ఒక అంచున, సూది మొనతో గుచ్చినంత నల్లని చుక్క. కటకం మీద దుమ్మనుకున్నాను. వరంగల్ రోడ్డు మీద ఫ్లైఓవర్ పిల్లర్ల పని జరుగుతోంది, మా ఇళ్లలో దుమ్ముకేం కొదువ లేదు. కటకం బిగించిన చిన్న గొట్టాన్ని దాని గూట్లోనే కొంచెం తిప్పి చూశాను. దుమ్మయితే దానితోపాటు తిరగాలి. తిరగలేదు. ఇలాంటిది ఉంటుందని చదివాను గానీ ఎప్పుడూ చూడలేదు.

"దుమ్ము గాదు పెద్దనాయనా. నీడ. మీ శిష్యులల్ల ఒకడు సూర్యునికి అడ్డమొస్తుండు. వాని నీడ గురువు మీద పడ్డది."

"గంత దూరంల నీడ మనకు కనబడ్తదా?"

"కనబడ్తుంది గద!"

ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చిన పెద్దమ్మ మా అరుపులకు దగ్గరికొచ్చింది. ఆవిడ అంతకుముందు గొట్టంలో చూడలేదు. ఒక చేత్తో బట్టలు ఎత్తి పట్టుకుని వంగి చూసింది.

"నీడ గాదు ఏం గాదు. దిష్టి సుక్క. మీరిద్దరు రోజు గంటలు గంటలు గట్ల సూడవడ్తిరి, దిష్టి తగలదా మరి?"

పెద్దనాయన గొట్టం వదిలేసి నవ్వాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆయన అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారని పెద్దమ్మ తర్వాత చెప్పింది. ఆ చుక్క మెల్లగా గురువు ముఖం మీదుగా నడిచింది. నేను ఒకే కాగితం మీద వరసగా గాజు పెట్టి వృత్తాలు గీసుకుని, చుక్క జరిగినప్పుడల్లా ఒక్కోదానిలో పెట్టాను. స్టేడియంలో జనం అరిచినప్పుడల్లా పెద్దనాయన, "మనకోసమే అరుస్తున్నరు" అనేవాడు. చుక్క రెండో అంచుకు చేరి, సన్నబడి, జారిపోయింది. దాని వెనక గురువు ముఖం శుభ్రంగా మిగిలింది.

ఆ బొమ్మను పెద్దనాయన జిరాక్స్ తీయించుకుని వాళ్ల ముందుగదిలో క్యాలెండర్ పక్కన అంటించుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి, "ఇది నేను పట్టుకుంటె బిడ్డ గీసింది" అని చెప్పేవాడు. అది నిజమే కూడా.

ఉగాది వచ్చింది. పెద్దనాయనను ఏలినాటి శని వదిలింది. ఆయన పచ్చడి గిన్నెతో మా తలుపు కొట్టి, ఆ కబురు తానే స్వయంగా చెప్పాడు. మొహం వెలిగిపోతోంది. కానీ ఆ వేసవిలో శనిని చూద్దామంటే, తెల్లారగట్ల తప్ప కనబడడు. వానలు వచ్చాయి, పోయాయి. ఆకాశం కడిగినట్టయ్యాక ఒక సాయంత్రం పెద్దనాయనే అడిగాడు.

"ఇగ సూపియ్యి బిడ్డా. నన్ను గంతగనం తిప్పినోడు ఎట్లుంటడో ఒక్కసారి సూస్త."

శని చుట్టూ పెద్ద ఉంగరం ఉంటుందని అపార్ట్‌మెంట్ అంతా చెప్పాడు. ఆదివారం సాయంత్రం టెర్రస్ నిండిపోయింది. నాలో మాత్రం కంగారు. ఏడాదికేడాది నా బొమ్మల్లో ఆ వలయం సన్నబడుతూ వస్తోంది. మనవైపు వాలి ఉన్న వలయం నెమ్మదిగా మన చూపుకు సమంగా వస్తోంది. ఈసారి చూస్తే ఏమీ మిగల్లేదు. గుండుకు అడ్డంగా గుచ్చిన సన్నని సూదిలా ఉంది, అంతే. ఈ సంగతి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఎవరూ వినే స్థితిలో లేరు.

ముందు పెద్దమ్మ స్టూలెక్కింది. కన్ను ఆనించి, తల తిప్పి మొగుడి వైపు చూసి, మళ్లీ కన్ను ఆనించింది.

"గింత సిన్నగున్నడా! గీయనకానా నువ్వు ఏడేండ్లు గజగజ వణికింది?"

అందరూ నవ్వారు. పెద్దనాయన నవ్వలేదు. చేతులు కట్టుకుని వచ్చి, కూర్చుని, చూశాడు. చాలాసేపు చూశాడు. శని కంటి ముందు నుంచి జారిపోకుండా నేను గొట్టాన్ని కదుపుతూ నిలబడ్డాను. ఆ రోజు బండి నాదే.

"ఉంగరమేది బిడ్డా?"

కింది నుంచి తెచ్చిన స్టీలు పళ్లెం ఒకటి అక్కడే ఉంది, పెద్దమ్మ అందులో ఉడకబెట్టిన శనగ గుడాలు పోసి అందరికీ పంచింది. దాన్ని ఖాళీ చేసి పట్టుకున్నాను. వంచి పట్టుకుంటే గుండ్రంగా కనబడుతుంది, కంటికి సమంగా పట్టుకుంటే అంచు మాత్రమే కనబడుతుంది. శని ఉంగరం ఇప్పుడు అలా ఉంది, ఇంకొన్నేళ్లకు మళ్లీ విచ్చుకుంటుందని చెప్పాను. ఆయన పళ్లెం తీసుకుని తానూ అటూ ఇటూ వంచి చూశాడు. తల ఊపాడు.

"నువ్వు చెప్పింది నిజమే గావొచ్చు. కని నాకు తెలుసు ఏమయ్యిందో. ఏడేండ్లు నా ఎంబడి తిరిగి తిరిగి బక్కసిక్కిండు!"

ఈసారి నవ్వులు వీధి దాకా వినిపించాయి. మా ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అందరూ ఒక్కొక్కరుగా చూసి వెళ్లిపోయాక, పెద్దనాయన మళ్లీ ఒకసారి కన్ను ఆనించి, లేచి, రెండు చేతులూ జోడించి నేరుగా ఆ పసుపు చుక్క ఉన్న దిక్కుకే దండం పెట్టాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు.

"భయం మొత్తం పోలే బిడ్డా. అబద్ధమెందుకు? కని ముఖం సూసిన గద, జర నయమనిపిస్తుంది."

ఆ మాట నేను మా ఆయనకు చెప్పలేదు. నాకూ పెద్దనాయనకూ మధ్యే ఉండనిచ్చాను.

గ్రహాలైతే ఉప్పల్ దీపాల్లో కూడా నిలబడతాయి గానీ, గెలాక్సీల్లాంటివి నిలబడవు. అటువంటివి గీయాలని నాకు చాలా కోరికగా ఉండేది. మా టెర్రస్ మీంచి వెతికితే బూడిద రంగు తప్ప ఏమీ దొరికేది కాదు. అది విని పెద్దమ్మ, "మా చెల్లెలోళ్ల పొలం ఉన్నది గద, మబ్బుల దీపం గూడ ఉండదక్కడ" అంది. మబ్బులంటే ఆవిడ భాషలో చీకట్లో అని. ఒక అమావాస్య దగ్గరి శనివారం నలుగురం మా కారులో బయలుదేరాం. గొట్టాన్ని దుప్పటిలో చుట్టి, వెనక సీటులో పెద్దమ్మకూ పెద్దనాయనకూ మధ్య పిల్లాణ్ని కూర్చోబెట్టినట్టు ఆనించాం. పొద్దుండగానే మేడిపల్లి దాటాం. ఇంకా చాలా దూరం పోయి, వరంగల్ రోడ్డు వదిలి లోపలికి తిరిగాం.

వరి కోసిన మడిలో గొట్టం నిలబెట్టేసరికి చుక్కలు వచ్చేశాయి. ఎన్ని చుక్కలంటే, ఏది ఎక్కడుందో నాకే కాసేపు తెలియలేదు. పెద్దమ్మ వెంట తెచ్చిన సర్వపిండి ముక్కలు తింటూ నడినెత్తిన వెతికాను. ఆండ్రోమెడా గెలాక్సీ దొరికింది. మనుషులింకా మనుషులు కాకముందు అక్కణ్నుంచి బయలుదేరిన వెలుగు మా మడిలోకి వచ్చి దిగుతోంది. గొట్టంలో చూస్తే మాత్రం, అద్దం మీద ఊపిరి వదిలినట్టు కోలగా ఒక మసక.

"గింతేనా?" అన్నాడు పెద్దనాయన.

"గింతే" అన్నాను. ఆయన మళ్లీ చూశాడు, ఈసారి లేవలేదు.

నేను ఒళ్లో అట్ట పెట్టుకుని గీయడం మొదలుపెట్టాను. మా ఆయన ఎర్ర టార్చి పట్టాడు. మంచు పడి కాగితం మెత్తబడింది, పెన్సిల్ సరిగా అంటడం లేదు. మధ్యలో చిక్కగా, అంచులకు పలచగా పొడి అద్ది, చేసినదానికి సంతోషపడి పెద్దమ్మకు చూపించాను. ఆవిడ బొమ్మను చూసి, గొట్టంలో చూసి, మళ్లీ బొమ్మను చూసింది.

"తక్కువ గీసినవ్ బిడ్డా. గిక్కడి దాక ఉన్నది" అని బొటనవేలితో ఆ మసకను కాగితం అంచు వైపుకు రుద్దేసింది.

రబ్బరు కోసం వెతకబోయి, ఎందుకో ఆగి, వెళ్లి మళ్లీ గొట్టంలో చూశాను. గాలి కుదురుగా ఉంది. తిన్నగా కాక కొంచెం పక్కకు చూపు పెట్టి ఊపిరి బిగబట్టి చూస్తే, మసక నిజంగానే పారుతోంది, నేను ఆపిన చోట ఆగకుండా, చాలా దూరం దాకా. ఆవిడ చెప్పినంత దూరమూ ఉంది. వచ్చి, రబ్బరు జోలికి పోకుండా, ఆ వేలిగుర్తు చుట్టూ చుక్కలు పెట్టి బొమ్మ పూర్తిచేశాను.